తాళము వేయబడిన ఆసనములు – చార్లెస్ సిమియోను భక్తుని జీవితము

చదువవలసిన వాక్యభాగములు: యాకోబు 2:1–9, 1 కొరింథీయులకు 14:23–25



గడచిన కోతపండుగ దినమున మా గుడి నిండిపోయెను. ఆరాధన మొదలైన తరువాత ప్రక్క పేటనుండి ఒక కుటుంబము వచ్చి గుమ్మమునొద్ద నిలిచెను. భర్త, భార్య, చంకలో బిడ్డ. చాపలమీద కూర్చున్నవారిలో ఒక్కరును జరుగలేదు. ప్రసంగ పీఠమునుండి నేను వారిని చూచితిని. మధ్యలో మాటలాడినయెడల ఆరాధన క్రమము చెడునని తలంచి ఊరకుంటిని. ఆశీర్వాదము పలికి కన్నులు తెరచునప్పటికి గుమ్మము ఖాళీగా ఉండెను.

తరువాత పెద్దల కూటములో ఈ సంగతి వచ్చినప్పుడు రెండు విధములైన మాటలు వినబడెను. క్రొత్తవారికి ఇంపుగా ఉండునట్లు ప్రార్థనలు తగ్గించి, వాక్యపఠనము కుదించి, ఆరాధనను మార్చవలెనని కొందరనిరి. ఆరాధన దేవునికేగాని వచ్చిపోవువారికి కాదు, వారినిగూర్చి మనకు చింత ఏల అని మరికొందరనిరి. ఆ రాత్రి, సెమినరీలో చదువుకొన్న దినములలో నేనెరిగిన ఒక సంఘకాపరి జీవితము జ్ఞాపకమునకు వచ్చెను. ఆయన ఇంగ్లాండు దేశమందలి కేంబ్రిడ్జి పట్టణములో ఒకే గుడియందు 54 సంవత్సరములు సేవచేసిన చార్లెస్ సిమియోను. ఈ ప్రశ్న ఆయన గుడిలోను పుట్టినది. అది ఆయనను బహుగా నలిపినది.

ప్రభువు బల్లయొద్దకు వచ్చిన పిలుపు

సిమియోను 1759 సెప్టెంబరు 24వ తేదీన రెడింగు పట్టణములో కలిగిన కుటుంబములో పుట్టెను. ఈటన్ పాఠశాలలో చదివి, 1779 జనవరిలో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరెను. అప్పటికి ఆయనకు గుఱ్ఱపు స్వారీయందును మంచి వస్త్రములయందును ఉన్న మక్కువ దేవునియందు లేదు. కళాశాలలో చేరిన కొద్ది దినములకే, అక్కడి కట్టుబాటు ప్రకారము ప్రభు భోజనమునకు రావలెనని ఆయనకు తెలియజేసిరి. తోటి విద్యార్థులలో అనేకులకు అది ఒక ఆచారము మాత్రమే. సిమియోనుకైతే గుండె ఝల్లుమనెను. తనవంటివాడు ఆ పరిశుద్ధమైన బల్లయొద్దకు ఏ ముఖముతో పోగలడని వారములకొలది దుఃఖపడి, చదివి, ప్రార్థించి, దేహము కృశించువరకు శ్రమపడెను.

ప్రభు భోజనమునుగూర్చి ఒక బిషప్పు వ్రాసిన పుస్తకము చదువుచుండగా, పూర్వము ఇశ్రాయేలీయులు తమ పాపమును బలిపశువు తలమీద మోపుట ఏమిటో ఆయనకు బోధపడెను. అట్లే తన పాపభారమును క్రీస్తుమీద మోపవచ్చునని గ్రహించెను. 1779 ఏప్రిల్ 4వ తేదీన, పునరుత్థాన పండుగ ఉదయమున, ఆయన హృదయము సమాధానముతో నిండెను.

ప్రియులారా, దీనిని గమనించుడి. ఆయనకొరకు తేలికచేయబడిన కూటమేదియు ఆయనను మార్చలేదు. గంభీరమైన ప్రభు సంస్కారమే ఆయనను కలవరపరచెను, తుదకు ఆదరించెను. క్రొత్తవాడు లోపలికి వచ్చినప్పుడు దేవుడు నిజముగా ఇక్కడ ఉన్నాడని ఒప్పుకొని సాగిలపడునని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసినది ఈ విషయమే.

గుడిలో చోటు

1782 మే నెలలో సిమియోను డీకనుగా అభిషేకము పొందెను. ఆ వేసవిలో సెయింట్ ఎడ్వర్డు గుడి గురువు ఊరికి వెళ్లగా, ఆయనకు బదులుగా సేవచేసెను. కొద్ది వారములలోనే జనము క్రిక్కిరిసి, ఆరాధనలో ప్రత్యుత్తరములు చదువు గుమస్తా పీఠములో కూడ కూర్చుండిరి. గురువు తిరిగి వచ్చినప్పుడు, ఇకమీదట మనకు కొంచెము చోటు దొరకునని ఆ గుమస్తా సంతోషించెనట. వినుటకు నవ్వు వచ్చునుగాని, ఆ మాట మనస్సులో అనుకొనువారు మన గుడులలోను లేకపోలేదు.

అదే సంవత్సరము హోలీ ట్రినిటీ గుడి గురువు మరణించెను. అక్కడి సంఘస్థులు తమకు తెలిసిన సహాయ గురువునే కోరిరి. బిషప్పు 23 ఏండ్ల సిమియోనును నియమించెను. 1782 నవంబరు 10వ తేదీన ఆయన అక్కడ మొదటి ప్రసంగము చేసెను. సంఘస్థులకు కోపము వచ్చెను.

ఆ కాలపు ఇంగ్లాండు గుడులలోని ఆసనములు మన బెంచీలవంటివి కావు. ఒక్కొక్క ఆసనము చుట్టును చెక్కగోడ, దానికొక తలుపు. ఇది ఫలానా కుటుంబముదని పేరుండెడిది. ట్రినిటీ గుడి ఆసనములవారు తలుపులకు తాళములు వేసి, తాముమాత్రము రాక ఇంటనుండిరి. వచ్చిన బీదలు, సేవకులు, పరదేశులు నడవలలో నిలువవలసివచ్చెను. సిమియోను తన సొంత డబ్బుతో బెంచీలు చేయించి నడవలలోను మూలలలోను వేయించెను. చర్చి వార్డెనులనబడు పెద్దలు వాటిని బయట ఆవరణములో పారవేయించిరి. ఆదివారము సాయంకాలము ఆరాధన ప్రారంభించగా, జనము వీధిలో నిలిచియుండగానే గుడి తలుపులు మూసి తాళపుచెవి తీసికొనిపోయిరి. మధ్యాహ్న ప్రసంగము కూడ ఆయనకు దక్కనీయక 12 సంవత్సరములు ఇతరులచేత చేయించిరి. ఆసనముల తాళములు 10 సంవత్సరములకు పైగా తీయబడలేదు.

తాళము వేసినవారు గుడి మర్యాదను కాపాడుచున్నామని అనుకొనియుందురు. అయితే ఖాళీ ఆసనము దేవుని స్తుతింపదు. చోటు కాపాడుకొన్నారుగాని ఆరాధన కోల్పోయిరి.

ఆయన పగులగొట్టని తాళములు

సిమియోను సహజముగా శాంతుడు కాడు. త్వరగా కోపపడు స్వభావము గలవాడు. ఆసనములకు ఆ విధముగా తాళము వేయుటకు చట్టము ఒప్పుకొనదని ఆయన తెలిసికొనెను. అయినను వ్యాజ్యెమునకు పోలేదు. ప్రభువు దాసుడు జగడమాడకూడదని తిమోతికి వ్రాయబడిన వాక్యము (2 తిమోతి 2:24) ఆయన కోపమునకు కళ్లెమాయెను. సగము జనమే లోపలికి రాగలిగినను, దేవుడు వారిని రెండంతలుగా దీవించినయెడల గుడి నిండినట్లేయని తన్నుతాను ఓదార్చుకొనెను.

విద్యార్థులు కొందరు ఆరాధనలో అల్లరిచేసిరి. తోటి పండితులు ఆయనతో కలిసి నడచుటకు సిగ్గుపడిరి. అట్టి దినములలో ఒకనాడు ఆయన చేత చిన్న నిబంధన పుస్తకము పట్టుకొని ఒంటరిగా నడచుచు, ఆదరణకొరకు దానిని తెరువగా, కురేనీయుడైన సీమోను యేసు సిలువను మోసిన వచనము కనబడెను. సీమోను, సిమియోను అనునవి ఒకటే పేరు. ఆ సిలువలో తనకును పాలు దొరకినదని ఆయన సంతోషించెను.

ఆయన ఆసనములవారిని శత్రువులుగా ఎంచలేదు. క్రొత్తవారిని చేర్చుకొని పాతవారిమీద పగ తీర్చుకొనలేదు. 1788వ సంవత్సరపు కరువులో, కేంబ్రిడ్జి చుట్టునున్న 24 గ్రామముల బీదలకు సగము వెలకే రొట్టె దొరకునట్లు ఏర్పాటుచేసి, అది సరిగా అమ్ముచున్నారో లేదో చూచుటకు తానే గుఱ్ఱమెక్కి తిరిగెను. దానితో ఆయనయందలి ప్రజల మనస్సు కొంత మెత్తబడెను.

తగ్గింపబడని ఆరాధన

జనము రావలెనని ఆయన ఆరాధనను కుదించెనా? లేదు. సంఘ ప్రార్థన పుస్తకములోని క్రమమును ప్రేమించి, ప్రతి ప్రార్థనను తానే ఆ క్షణమున దేవుని అడుగుచున్నట్లు చదువుచుండెను. 1811లో ఆ ఆరాధన క్రమము యొక్క శ్రేష్ఠతనుగూర్చి విశ్వవిద్యాలయము ఎదుట ప్రసంగములు చేసెను. నడవలోని బెంచీమీద కూర్చున్న సేవకునికిని, తాళపు ఆసనముగల ధనికునికిని ఆయన వేరువేరు ఆరాధనలు పెట్టలేదు. ఉన్నతమైనదానినే ఇద్దరికిని ఇచ్చెను.

క్రొత్తవారితో సావకాశముగా మాటలాడుటకు ఆయన తన గది తలుపు తెరచెను. తరువాతి సంవత్సరములలో శుక్రవారము సాయంకాలము విద్యార్థులు ఆయన గదిలో కూడి, తేనీరు త్రాగుచు, తమ సందేహములు అడుగుచుండిరి. గుడిలో దేవుని ఎదుట మోకరించుట, ఇంట అతిథిని ఆదరించుట, రెండును ఆయనయొద్ద ఒకదానినొకటి తరుగజేయలేదు.

ఆయన మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఆయన సహాయ గురువైన హెన్రీ మార్టిను 1805లో ఇండియాకు బయలుదేరి, హిందూస్థానీ భాషలోనికి క్రొత్త నిబంధనను తర్జుమాచేసెను. 1799లో చర్చి మిషనరీ సొసైటీని స్థాపించినవారిలో సిమియోను ఒకడు. ఆ సంఘము పంపిన ఫాక్సు, నోబులు దొరగార్లు 1841లో మచిలీపట్టణములో దిగి తెలుగు మిషను ప్రారంభించిరి. నడవలో బెంచీ వేయించిన ఆ చెయ్యి మనకును చోటు చూపెనని చెప్పవచ్చును.

సిమియోను 1836 నవంబరు 13వ తేదీన ప్రభువునందు నిద్రించెను. ఆయనను కింగ్స్ కళాశాల మందిరములో సమాధిచేసిన దినమున, ఒకప్పుడు ఆయనను ఎగతాళిచేసిన పట్టణములో అంగళ్లు మూసివేసిరి.

మన సంగతి

మన గుడులలో ఆసనములకు తలుపులు లేవు. అయితే ఇది ఫలానా కుటుంబపు చోటు, ముందటి చాప మా పేటవారిది, వారు వెనుకనే కూర్చుండవలెను అను తాళములు కలవు. బంగారు ఉంగరముగలవానికి ఒక చోటు, మురికిబట్టలవానికి మరియొక చోటు చూపినవారిని యాకోబు ఊరక విడువలేదు. ఆ పాపమునకు ఆరాధనను కుదించుట మందు కాదు. ప్రార్థనలు తగ్గించినను చాప జరుపనివాడు జరుపడు. ఆరాధనయే ముఖ్యమని చెప్పుట కూడ మనకు చాటు కాదు. పొరుగువానికి చోటియ్యని స్తుతి దేవుని చెవికి ఇంపుగా ఉండదు.

గనుక మా సంఘములో ఈ మూడు సంగతులు నిర్ణయించుకొంటిమి. ముందటి రెండు చాపలు క్రొత్తవారికి విడువబడును. ఒక పెద్ద గుమ్మమునొద్దనుండి వారిని లోపలికి తోడుకొనివచ్చును. ప్రక్కనున్నవారు పాటల పుస్తకములో పుట తీసి చూపుదురు. ప్రార్థనలలో మాత్రము ఒక్కటియు తగ్గింపబడదు.

కోతపండుగ మరునాడు నేను ఆ కుటుంబమును వెదకుచు ప్రక్క పేటకు వెళ్లితిని. వారి ఇంట ఒకటే మంచము ఉండెను. నన్ను దానిమీద కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, వారు నేలమీద కూర్చుండిరి. క్షమించుమని అడుగుటకు వెళ్లిన నాకు మాట రాలేదు. వారు ఇంకను మా గుడికి రాలేదు. మా పాపపు ఫలము ఇంత త్వరగా తొలగునని నేను అనుకొనుటలేదు. ఈ పత్రిక చదువుచున్న మీరు వారికొరకును, మాకొరకును ప్రార్థించుడి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, పరదేశులమైన మాకు నీ బల్లయొద్ద చోటిచ్చితివి. మా హృదయముల తాళములు తీయుము. నిన్ను పూర్ణముగా ఆరాధించుటకును, మా ప్రక్కను మరియొకనికి చోటిచ్చుటకును కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.