నిత్యస్వాధ్యాయమే నిధి – శ్రీ ఆళవందారుల చరిత్ర

శ్రీవైష్ణవునకు దినము అయిదు కాలములుగా విభజింపబడినదని పాంచరాత్రాగమము చెప్పుచున్నది. ప్రాతఃకాలమున భగవత్సన్నిధికేగుట అభిగమనము. ఆరాధనకు వలయు ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. స్వామిని అర్చించుట ఇజ్య. అటుపిమ్మట శాస్త్రమును చదువుట, వినుట, చెప్పుట స్వాధ్యాయము. రాత్రివేళ ఆ చదివిన యర్థమును మనస్సున నిలుపుకొని భగవంతుని ధ్యానించుట యోగము. వీనిలో మొదటి మూడును నేటికిని మన యిండ్లలో ఏదో యొక రీతిగా సాగుచున్నవి. దీపము వెలిగింపని భక్తుని గృహము, తులసికి నీరు పోయని గృహము అరుదు. చివరి రెండు కాలములే మన చేతి నుండి జారిపోవుచున్నవి. తీరిక దొరికిననాడు చదువుదమని గ్రంథమును పట్టుగుడ్డలో చుట్టి యుంచుదుము, ఏకాదశికో గీతాజయంతికో విప్పుదుము, మరల కట్టివేయుదుము.

పర్వదినమున ఒక్కనాడు చేయు మహాపారాయణము గొప్పదా? ప్రతిదినము తప్పక చేయు కొద్దిపాటి పఠనము గొప్పదా? ఈ ప్రశ్నకు సమాధానము భగవద్రామానుజులకు పరమగురువులైన శ్రీ యామునాచార్యుల జీవితమునందు కలదు. వారినే ఆళవందారులని సంప్రదాయజ్ఞులు కొలుచుచున్నారు.

నేడు తమిళనాడులోని కడలూరు జిల్లాలో కాట్టుమన్నార్‌కోయిల్ అని పిలువబడు వీరనారాయణపురము వారి జన్మస్థలము. గురుపరంపరా సంప్రదాయము ననుసరించి వారు క్రీ.శ. 916వ సంవత్సరమున కర్కాటక మాసమున ఉత్తరాషాఢా నక్షత్రమందు అవతరించిరి. ఆళ్వారుల దివ్యప్రబంధమును లోకమునకు మరల ప్రసాదించిన శ్రీమన్నాథమునులు వారి పితామహులు. తండ్రి ఈశ్వరముని. నాథమునులు తమ యొద్దనున్న రెండు సంపదలను ఇద్దరు శిష్యులయందు నిక్షేపించి, తమ మనుమనికి వానిని అందజేయవలసినదిగా ఆజ్ఞాపించిరి. వేదాంతార్థములు, దివ్యప్రబంధము పుండరీకాక్షులైన ఉయ్యక్కొండారులకు అప్పగింపబడినవి. అష్టాంగయోగ రహస్యము కురుకైక్కావలప్పనుల పాలయ్యెను. ఈ రెండు నిక్షేపములలో ఒకటి మనకు దక్కినది, రెండవది దక్కలేదు. అది యెట్లు జరిగెనో క్రమముగా చెప్పుదును.

బాల్యముననే తండ్రి గతింపగా యామునుడు మహాభాష్యభట్టు అను గురువు నొద్ద విద్యాభ్యాసము చేయుచుండెను. ఆ కాలమున చోళరాజాస్థానమందు ఆక్కియాళ్వాన్ అను విద్వాంసుడు తక్కిన పండితులందరి నుండి కప్పము గైకొనుచుండెను. గురువుగారికి వచ్చిన కప్పపు లేఖను బాలుడైన యామునుడు చించివేసి, తానే వాదమునకు సిద్ధమని కబురంపెను. అప్పటికి వాని ప్రాయము పండ్రెండేండ్లని చెప్పుదురు. సభలో బాలుని తేజస్సును చూచిన రాణి, వీడే గెలుచునని నమ్మి తన్ను తానే పణముగా ఒడ్డెను. రాజు తన విద్వాంసునియందలి విశ్వాసముతో అర్ధరాజ్యమును పణముగా ఒడ్డెను.

యామునుడు మూడు వాక్యములు చెప్పి, వానిని ఖండింపుమని యడిగెను. ఆ విద్వాంసుని తల్లి గొడ్రాలు కాదనునది మొదటిది. రాజు ధర్మాత్ముడనునది రెండవది. రాణి పతివ్రత యనునది మూడవది. ఆక్కియాళ్వానునకు నోరు పెగలలేదు. అంతట యామునుడే శాస్త్రప్రమాణములతో మూడింటిని ఖండించి చూపెను. ఏకపుత్రుడు పుత్రుడు కాడను వచనము చేత మొదటిది, ప్రజలు చేసిన పాపము రాజును చేరునను ధర్మము చేత రెండవది, వివాహమంత్రములయందు కన్యను తొలుత సోమాది దేవతలు పరిగ్రహింతురని యుండుట చేత మూడవది నిరాకృతములయ్యెను. మమ్మేలుటకు వచ్చినవాడు అను అర్థమున రాణి ఆ బాలుని ఆళవందార్ అని పిలిచి ఆదరించెను. అర్ధరాజ్యము వానిదయ్యెను.

పాఠకులు ఇచట ఒక విషయము గమనింపవలెను. ఇంతటి శాస్త్రపాండిత్యము గల యామునుడు రాజైన పిదప శాస్త్రమును విడిచెను. చదువు లేకపోలేదు, మరచినదియు లేదు. కాని అది గెలుపు కొరకు వినియోగపడిన చదువు. గెలుపు లభించిన మరునాడు దానితో పని తీరెను. రాజ్యభారము, సైన్యము, భోగములు దినమంతయు నిండినవి. స్వాధ్యాయకాలము గాని యోగకాలము గాని ఆ దినచర్యలో మిగులలేదు. ఇది రాజులకు మాత్రమే కలుగు కీడు కాదు. పరీక్షకై చదివి, ఉద్యోగము వచ్చిన వెంటనే పుస్తకమును మూసివేయు మన పిల్లల విషయమును, మన విషయమును ఇట్టిదే.

నాథమునుల నిక్షేపమును మనుమనికి చేర్పవలసిన భారము ఉయ్యక్కొండారుల నుండి వారి శిష్యులైన మణక్కాల్ నంబికి సంక్రమించెను. వీరికి శ్రీరామమిశ్రులని నామాంతరము. నంబి రాజద్వారమునకు వెళ్ళి చూచిరి. కావలివారు, సేవకులు, సామంతులు, యాచకులు గుమిగూడిన ఆ వాకిట ఒక బీద బ్రాహ్మణునకు ప్రవేశమెక్కడిది? వారు కోపగించుకొనలేదు, తిరిగి పోలేదు. వంటవారిని విచారించి రాజునకు ఏ శాకము ప్రియమైనదో తెలిసికొనిరి. తమిళమున తూదువళై యనియు సంస్కృతమున అలర్కమనియు పిలువబడు ముండ్లతీగ ఆకు రాజునకు ఇష్టమని తెలిసెను. అది సత్త్వగుణమును వృద్ధి చేయునని పెద్దల మాట. ఆనాటి నుండి నంబి ప్రతిదినము ఆ యాకును కోసి తెచ్చి వంటశాలలో ఇచ్చి వెళ్ళుచుండిరి. ఎవరును పేరడుగలేదు, ఎవరును కూలి యీయలేదు. ఈ విధముగా ఆరు నెలలు గడచెను.

పిదప కొన్ని దినములు నంబి రాలేదు. భోజనమునకు కూర్చున్న రాజు, తనకు అలవాటైన శాకమేదని అడిగెను. దినము తప్పక తెచ్చు వృద్ధుడొకడు రావడము లేదని వంటవారు విన్నవించిరి. అతడు మరల వచ్చినచో తన యొద్దకు తీసికొని రావలసినదని రాజు ఆజ్ఞాపించెను. ఆరు నెలలు తెచ్చిననాడు కనబడని మనిషి, తేకపోయిన కొన్ని దినములలో రాజునకు జ్ఞప్తికి వచ్చెను. నిత్యము జరుగు పని యొక్క బలము ఇట్టిది. జరుగుచున్నంతకాలము అది ఉన్నదని తెలియదు. ఆగినప్పుడు లోటు తెలియును.

నంబి వచ్చిరి. వారికేమి కావలెనని, ధనమా భూమియా యని రాజు అడిగెను. తమకేమియు అక్కరలేదనియు, రాజుగారి తాతగారు సంపాదించిన నిధి తమ చేతిలో ఉన్నదనియు, దానిని అప్పగించువరకు తమకు అడ్డులేని ప్రవేశమిచ్చిన చాలుననియు నంబి విన్నవించిరి. రాజు అనుమతించెను. మరునాటి నుండి నంబి వచ్చి కూర్చుండి, రాజునకు శ్రీమద్భగవద్గీతను అర్థసహితముగా ఉపదేశింపసాగిరి. ఆకు కోసి తెచ్చినంత నియమముగనే దినమునకు కొంత చొప్పున గీతార్థమును తెచ్చి అందించిరి. అధ్యాయములు ముందుకు సాగిన కొలది రాజు మనస్సు మారసాగెను. ఇట్టి భగవంతుని పొందుట యెట్లని అతడే ప్రశ్నింపగా, నంబి చరమశ్లోకార్థమైన శరణాగతిని ఉపదేశించిరి.

వాదసభలో మూడు వాక్యములతో విద్వాంసుని నిరుత్తరుని చేసిన మేధ, దినదిన శ్రవణము చేత వినయముగా పరిణమించెను. తాతగారి నిధి ఎక్కడనున్నదని రాజు అడుగగా, రెండు నదుల నడుమ, ఏడు ప్రాకారముల లోపల ఉన్నదని నంబి తెలిపి శ్రీరంగమునకు తోడ్కొని పోయిరి. కావేరి, కొళ్ళిడము నడుమ సప్తప్రాకారములలో శయనించిన శ్రీరంగనాథుని చూపి, నిధి ఇదియే యని తెలిపిరి. యామునులు మరల రాజధానికి మరలలేదు. రాజ్యమును త్యజించి సన్న్యసించి శ్రీరంగముననే నిలిచి దర్శనప్రవర్తకులైరి. మొదటి నిక్షేపము ఇట్లు చేరవలసిన వారికి చేరెను.

ఇక రెండవ నిక్షేపము. యోగరహస్యమును అర్థించి యామునులు కురుకైక్కావలప్పనుల యొద్దకు వెళ్ళిరి. ఆ యోగి తాము దేహము చాలించు దినమును ముందుగనే యెరిగిన వారగుటచే, ఆ దినమును ఒక పత్రమున వ్రాసి యిచ్చి, అప్పటికి వచ్చినచో రహస్యమును ఉపదేశింతునని చెప్పిరి. యామునులు దానిని భద్రపరచుకొని శ్రీరంగము చేరిరి. కొంతకాలమునకు శ్రీరంగనాథుని సన్నిధిలో తిరువాయ్మొళి గానము జరుగుచుండగా, తిరువనంతపురమును గూర్చిన పాశురములు విని వారి హృదయము ద్రవించెను. వెంటనే అనంతపద్మనాభుని సేవింప బయలుదేరిరి. అచట స్వామి సన్నిధిలో పత్రమును తీసి చూడగా, యోగి నిర్ణయించిన దినము ఆనాడే. ఎంత త్వరపడినను చేరుటకు వీలుకాని దూరము. కావలప్పనులతోనే నాథమునుల యోగరహస్యము అంతరించెను.

ఇందు యామునులను తప్పుపట్టుట మన యుద్దేశము కాదు. వారు భగవత్సేవకై వెళ్ళినవారే. కాని వివేకులు ఈ రెండు వృత్తాంతములను ప్రక్కప్రక్కన పెట్టి ఆలోచింపవలెను. ఒక్క మనుష్యునియందు, ఒక్క దినమునందు నిలిచియున్న విద్య ఆ దినముతోనే పోయెను. దినమునకు కొంచెముగా చెవిలో పడిన గీతార్థము మాత్రము రాజ్యమును గెలిచి, గురువును గెలిచి, పరంపరగా నేటివరకు వచ్చెను.

యామునులు తాము విన్న దానిని తమలోనే దాచుకొనలేదు. గీతార్థసంగ్రహమను పేర 32 శ్లోకములలో పదునెనిమిది అధ్యాయముల సారమును కూర్చిరి. తొలి శ్లోకమున గీతాశాస్త్ర తాత్పర్యము, పిదప మూడు శ్లోకములలో మూడు షట్కముల విషయము, తరువాత అధ్యాయమునకు ఒకటి చొప్పున 18 శ్లోకములు, చివర పది శ్లోకములలో కర్మ జ్ఞాన భక్తి యోగముల స్వరూపము, అధికారి నిష్ఠ చెప్పబడినవి. నిత్యము పఠించువానికి ఇంతకంటె సులభమైన సాధనము వేరొకటి లేదు. భగవద్రామానుజులు తమ గీతాభాష్యారంభమున యామునులకే నమస్కరించిరి. శ్రీ వేదాంతదేశికులు ఈ సంగ్రహమునకు రక్ష యను వ్యాఖ్యను రచించిరి. స్వాధ్యాయమునకు గీతార్థసంగ్రహము ఎట్టిదో, ధ్యానమునకు వారి స్తోత్రరత్నము అట్టిది. అందలి 65 శ్లోకములలో శేషశయనుడైన స్వామి దివ్యమంగళ విగ్రహము, లక్ష్మీసాహిత్యము, భక్తుని ఆకించన్యము క్రమముగా మనస్సునకు గోచరించును.

మరియొక సంఘటన గూడ స్మరింపదగినది. కాంచీపురమున వరదరాజస్వామి సన్నిధిలో యువకుడైన రామానుజుని యామునులు దూరము నుండి చూచి అనుగ్రహించిరి, సంభాషింపలేదు. పిదప పెరియనంబితో రామానుజులు శ్రీరంగము చేరునప్పటికి యామునులు పరమపదము నొందియుండిరి. వారి హస్తమున మూడు వ్రేళ్ళు ముడిచియుండుటను చూచి, వారి మూడు కోరికలను నెరవేర్తునని రామానుజులు ప్రతిజ్ఞ చేసిరనుట సుప్రసిద్ధము. ఇక్కడను ఒక దినము తప్పిపోయెను. ఐనను ఈసారి విద్య నశింపలేదు. ఏలయనగా యామునులు జీవితమంతయు దినదినము శిష్యులకు ప్రవచించియుండిరి. పెరియనంబి, గోష్ఠీపూర్ణులు, మాలాధరులు, వరరంగులు, తిరుమలనంబి యను ఐదుగురి నుండి రామానుజులు యామునుల జ్ఞానసర్వస్వమును పొందగలిగిరి.

వారిలో తిరుమలనంబి మన శ్రీనివాసుని నిత్యకైంకర్యపరులు. ప్రతిదినము పాపవినాశ తీర్థము నుండి స్వామి యారాధనకు జలము మోసి తెచ్చిన పుణ్యమూర్తి. వారే తిరుమల పాదసీమలో ఒక సంవత్సరకాలము రామానుజులకు శ్రీరామాయణార్థమును ఉపదేశించిరి. నీరు మోయుటయు నిత్యమే, రామాయణము చెప్పుటయు నిత్యమే. మణక్కాల్ నంబి ఆకులబుట్టతో ఆరంభమైన నియమము సప్తగిరుల వరకు పాకినది.

మన యిండ్లలో చేయదగినదేమి? పెద్ద సంకల్పము అక్కరలేదు. రాత్రి భోజనమునకు ముందు, ఇంటిల్లిపాది ఒకచోట కూర్చుండి గీతలో ఒక్క శ్లోకమును తాత్పర్యముతో చదువవలెను. గీత 700 శ్లోకములు. దినమునకొకటి చొప్పున రెండు సంవత్సరములు నిండకమునుపే ముగియును. కొత్త అధ్యాయము మొదలిడునాడు గీతార్థసంగ్రహములోని ఆ యధ్యాయ శ్లోకమును చదివినచో అందేమున్నదో ముందుగనే తెలియును. పడుకొనునప్పుడు ఆ శ్లోకార్థమును, స్వామి పాదములను తలచుకొనవలెను. అది స్వాధ్యాయము, ఇది యోగము. ప్రయాణమున నున్నను, జ్వరముతో నున్నను ఒక్క శ్లోకమునకు అడ్డు రాదు. మొదట రుచి పుట్టకపోవచ్చును. మనస్సను రాజు వాకిట నంబి యెన్ని నెలలు నిలిచెనో జ్ఞప్తి చేసికొనవలెను. ఒకనాడు పఠనము తప్పినప్పుడు, ఇంటిలో చిన్నపిల్ల యైనను నేడు శ్లోకమేదని అడిగినచో, ఆ గృహమున తాతల నిధికి ద్వారము తెరచుకొన్నదని గ్రహింపవలెను.

శ్రీ ఆళవందారుల కృప చేత శ్రీవైష్ణవ గృహములన్నిటను పంచకాలములు పూర్ణములగుగాక!