కోడి రామ్మూర్తి నాయుడు: కండ వెనుక నరం

కలియుగ భీముడనగానే మనకు గుర్తొచ్చేది రొమ్ము మీదికి ఎక్కిన ఏనుగు. నాకు మాత్రం ఆ ఏనుగు కన్నా దాని కింద పడుకున్న మనిషి ఊపిరి మీదే ఆసక్తి.

కోడి రామ్మూర్తి నాయుడుగారు 1882లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. తల్లి చిన్నతనంలోనే పోయింది. విజయనగరంలో పినతండ్రి నీడన పెరుగుతూ వ్యాయామశాలకు అలవాటు పడ్డారు. మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి తాను చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. మేష్టరు ఉద్యోగంతో ఆగిపోతే ఇవాళ మనం ఆయన్ను తలచుకునేవాళ్లమా? సర్కస్ కంపెనీ పెట్టి ఊరూరా తిరిగారు. రొమ్ముకు చుట్టిన ఇనుప గొలుసును గాలి పీల్చి తెంచేవారు, కార్లను తాళ్లతో కట్టి కదలకుండా పట్టేవారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ముందు ప్రదర్శన ఇచ్చి ‘ఇండియన్ హెర్క్యులిస్’ అనిపించుకున్నారు. ఇంతా చేసి ఆయన శాకాహారి!

తన బలానికి మూలం ప్రాణాయామం, ఏకాగ్రత అని ఆయన నమ్మేవారు. సైన్సు చదివే మేము ఇలాంటి మాటకు కొంచెం నవ్వుతాం. కానీ నవ్వి వదిలేయాల్సిన మాట కాదిది. కండ తనంతట తాను ముడుచుకోదు. వెన్నుపాములోని ఒక్కో నాడీకణం కొన్ని కండర తంతువులను ఏలుతుంది. బరువు పెరిగేకొద్దీ ముందు చిన్న గుంపులు, తర్వాత పెద్ద గుంపులు పనిలోకి దిగుతాయని 1965లో హెన్నెమాన్ బృందం చూపింది. కొత్తగా బరువెత్తేవాడికి పెద్ద గుంపులన్నీ పిలిస్తే పలకవు. పైగా ఎదురు కండ కూడా అడ్డం లాగుతుంది. కాడికి కొత్తగా కట్టిన ఎడ్లు చెరో దిక్కు గుంజినట్టే! నాలుగు రోజులు దున్నితే అడుగు కలుస్తుంది, ఎడ్లకు మాంసం పెరిగి కాదు గదా. మొదటి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలదేననీ, కండ పెరుగుదల తర్వాత తోడవుతుందనీ 1979లో మొరిటాని, డి వ్రీస్ తేల్చారు. 1961లో ఇకాయ్, స్టైన్‌హాస్ అయితే పక్కన తుపాకీ పేల్చి, గట్టిగా అరిపించి చూశారు. అదే చెయ్యి, ఇంకా ఎక్కువ బలం!

ఇక ఊపిరి సంగతి. గాలి నిండా పీల్చి బిగబడితే ఛాతీ, పొట్ట గట్టిపడి నడుము గుంజలా నిలబడుతుంది. వెయిట్‌లిఫ్టర్లు నేటికీ చేసేది అదే. రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది కాబట్టి చూసి నేర్చుకునే విద్య కాదు. ఏనుగు బరువును రొమ్ము మీది పలక పంచుతుందనుకోండి. అయినా కింద ఊపిరి సడలితే ఏమవుతుంది?

మా కిష్టారెడ్డిపేట చుట్టుపక్కల ఫ్యాక్టరీ డ్యూటీ దిగి జిమ్ముకు పోయే పోరగాళ్లను చూస్తుంటాను. పదిహేను రోజులకే టేపు పెట్టి దండ కొలుస్తారు. అంగుళం పెరగలేదని కొందరు మానేస్తారు, కొందరు డబ్బాల పొడికి అప్పు చేస్తారు. పోయిన వారం లేవని బరువు ఈ వారం లేచిందన్న సంగతి లెక్కలోకే రాదు. నరం నేర్చింది నిద్రలో కుదురుకుంటుందంటారు శాస్త్రవేత్తలు. నైట్‌షిఫ్ట్ చేసేవాడికి ఈ మాట చెప్పడానికి నాకే మొహమాటం.

రామ్మూర్తిగారి చివరి రోజులు తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. కాలి పుండు ముదిరి కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తుమందు వద్దని ప్రాణాయామంతోనే ఓర్చుకున్నారని చెప్పుకుంటారు. సంపాదించింది నిలవలేదు. ఒరిస్సాలోని బలంగీర్ చేరి, 1942 జనవరిలో అక్కడే కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరుంది, విశాఖ బీచ్‌లో విగ్రహం ఉంది.