డోర్నకల్ తండ్రిగారు: బిషప్ అజరయ్య జీవితం

కొత్తగూడెం నుంచి రైలెక్కి వరంగల్ వైపు వెళ్లేవాళ్లకు డోర్నకల్ జంక్షన్ బాగా తెలుసు. మన గూడేల వాళ్లకు అది బండి మారే చోటు. ఆ ఊళ్లో గుడి స్తంభాలనూ మసీదు గుమ్మటాలనూ ఒకచోట చేర్చినట్టుండే పెద్ద చర్చి ఉంది. దాన్ని కట్టించిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి జీవితాన్ని ఈ సంచికలో స్మరించుకుంటున్నాము.

ఆయన ఆదివాసీ కాదు, పుట్టుకతో తెలుగువారూ కాదు. అయినా ఆయనను తలచుకోవడానికి మాకొక కారణం ఉంది. మాలో కొందరం చర్చికి వెళ్తాం, కొందరం ఇలవేల్పులను కొలుస్తాం. ఒక్కోసారి ఒకే ఇంట్లో ఇద్దరూ ఉంటారు. మతం మారినవాడు మనవాళ్లకు పరాయివాడైపోవాలా అన్న ప్రశ్న మన గూడేల్లో ఇప్పటికీ నలుగుతూనే ఉంది. ఆ ప్రశ్నకు అజరయ్య గారు తన బతుకుతో ఒక జవాబు చెప్పారు.

ఆయన 1874 ఆగస్టు 17న తమిళదేశంలోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆ ఊరి పాస్టరు. నాడార్లను పై కులాలవాళ్లు చిన్నచూపు చూసిన కాలంలో ఆ కులంలో పుట్టినవారాయన. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని పట్టా చేతికి రాలేదు. ఆ తర్వాత వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. మన దేశంలో సువార్త పని మన చేతులతో, మన డబ్బుతోనే జరగాలని ఆయన పట్టుబట్టారు. అలా 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. ఆ సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం.

పరాయి రాజ్యానికి ఇతరులను పంపి తాను మద్రాసులో కూర్చోవడం ఆయన మనసుకు ఒప్పలేదు. మంచి ఉద్యోగం వదిలి, 1909లో గురువుగా అభిషేకం పొంది, భార్య అంబు మరియమ్మాళ్ గారితో ఇక్కడికి వచ్చారు. అప్పుడాయనకు ముప్ఫై అయిదేళ్లు. ఆ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు.

మరుసటి ఏడు స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడే అవకాశం వచ్చింది. తెల్ల మిషనరీలు త్యాగాలు చేస్తున్నారు గాని భారతీయులను తమతో సమానంగా, స్నేహితులుగా చూడడం లేదని వాళ్ల ముఖం మీదే చెప్పారు. సభలో చాలామందికి అది రుచించలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషపును చేశారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషపు కావడం అదే మొదలు. ఒక నల్లవాడి కింద పనిచేయడమా అని గొణిగినవాళ్లు ఉన్నారు. ఆయన వాదనకు దిగకుండా ఎడ్లబండి కట్టించుకుని పల్లెలకు బయలుదేరారు.

ఆ పల్లెల్లో విశ్వాసులైనవాళ్లు ఎక్కువగా మాలలు, మాదిగలు. దొరల కింద కూలీలు, వెట్టివాళ్లు. బాప్తిస్మం పొందిన మర్నాడు కూడా అదే దొర, అదే అప్పు, అదే బావి. ఆదివారం పనికి రాననడం, జాతరలో డప్పు కొట్టననడం, చచ్చిన గొడ్డు మాంసం ముట్టననడం చిన్న మాటలు కావు. వాటికి తిట్లూ తన్నులూ తినాలి, కూలి పోగొట్టుకోవాలి. అజరయ్య గారు ఆ నిరుపేదలనే నమ్ముకున్నారు. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ తలమీద చెయ్యి పెట్టుకుని, తాను విన్నది ఇతరులకు చెబుతానని ఒట్టు పెట్టుకోవాలనేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు వదిలించుకోవాలని ఊరూరా బోధించారు. బడులు పెట్టించారు. మన ఊళ్లవాళ్లనే గురువులుగా తయారుచేశారు. మొదట కొద్దిమందే ఉన్న భారతీయ గురువులు ఆయన కాలంలోనే వందకు పైగా అయ్యారు. జనం ఆయనను తండ్రిగారు అని పిలుచుకున్నారు.

గోదావరి అవతలి ఒడ్డు అప్పట్లో బ్రిటిషు వారిది. అక్కడ దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ పని అంతకు చాలా ముందే మొదలైంది. అక్కడి జాన్ కెయిన్ గారు మన కోయల ఆచారాల గురించి 1876 నుంచే వ్యాసాలు రాశారు. తర్వాత దుమ్ముగూడెం కూడా డోర్నకల్ డయోసిస్‌లో చేరింది.

విశ్వాసం మారితే భాష, పాట, కట్టు మారనక్కరలేదన్నది అజరయ్య గారి పట్టుదల. అందుకే చర్చిలో తెలుగు కీర్తనలకు చోటిచ్చారు, కోత పండుగలు జరిపించారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన ఆ పెద్ద చర్చిని ఈ నేల కట్టడాల తీరులోనే కట్టించారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. దేశంలో కలిసే ఉందామన్నారు. పేదల మతమార్పిడిని గాంధీగారు తప్పుపట్టినప్పుడు మాత్రం, పేదవాడికీ సొంత మనసు ఉందని నిలబడి చెప్పారు.

ఆయన చెప్పిన ప్రతిదీ మాకు సమ్మతం కాదు. ఇప్పసారా లేని పండుగను మా పెద్దలు ఊహించలేరు. అయినా బలవంతుల ముందు తల వంచకుండా, బలహీనుల ముందు తల ఎగరేయకుండా రోజూ బతకడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఆయన ముప్ఫై అయిదేళ్లు అలా బతికారు.

1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన కలలుగన్న దక్షిణ ఇండియా ఐక్య సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన సమాధి చర్చి పక్కనే ఉంది. ఈసారి డోర్నకల్‌లో బండి కోసం ఆగినప్పుడు, మన పిల్లలను అక్కడికి తీసుకెళ్లి ఈ కథ చెబుదాం. చర్చికి వెళ్లే పిల్లలనూ, ఇలవేల్పుకు మొక్కే పిల్లలనూ కలిపే తీసుకెళ్దాం.