సలీం అలీ

సలీం అలీ (నవంబరు 12, 1896 - జూన్ 20, 1987) సుప్రసిద్ధ భారతీయ పక్షి శాస్త్రవేత్త. పూర్తిపేరు సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ. వేములవాడ, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలు భాగంగా ఉన్న నాటి హైదరాబాదు సంస్థానంలో ఇతడు పక్షుల సర్వే నిర్వహించాడు.

బాల్యం, విద్య

బొంబాయిలో జన్మించాడు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట పెరిగాడు. ఎయిర్‌గన్‌తో తాను కొట్టిన పసుపు గొంతు పిచ్చుకను గుర్తించటానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ చూపిన పక్షుల నమూనాలు అతని జీవితాన్ని మలుపు త్రిప్పాయి. బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెస్‌మన్ వద్ద శిక్షణ పొంది 1930లో తిరిగి వచ్చేసరికి, బొంబాయి మ్యూజియంలోని అతని ఉద్యోగం రద్దయింది. ఆ విరామంలో కిహిం గ్రామంలో గిజిగాడి గూళ్ళను అధ్యయనం చేశాడు.

హైదరాబాదు సర్వే

ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా సంస్థానాల పక్షులను సర్వే చేయటానికి ముందుకు వచ్చాడు. 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పర్యటించాడు. భార్య తెహమీనా తోడుగా ఉండేది. నమూనాలు సేకరించటంతో సరిపెట్టక, పక్షి ఎటువంటి చోట నివసిస్తుందో, ఏమి తింటుందో గమనించటం అతని పద్ధతి.

అడవి నిర్మాణం - పక్షి వైవిధ్యం

చెట్ల ఎత్తు, కొమ్మల అంతస్తులు, పొదలు, గడ్డి, ఎండిన మానుల అమరికను అడవి నిర్మాణం అంటారు. వడ్రంగిపిట్టకు మాను, చిలుకకు తొర్ర, కౌజుకు పొద కావాలి. అంతస్తులు ఎక్కువైన కొద్దీ సాధారణంగా పక్షిజాతులు పెరుగుతాయి. 1961లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ మెకార్థర్ తన సహరచయితతో కలిసి ఈ సంబంధాన్ని లెక్కలతో చూపాడు. చెట్ల జాతుల సంఖ్య కంటే, వివిధ ఎత్తులలో ఆకుల విస్తరణ పక్షి వైవిధ్యాన్ని బాగా సూచిస్తుందని అందులో తేలింది. ఒకే వయసు టేకు తోట పచ్చగా కనిపించినా, సహజమైన మిశ్రమ అడవికి సాటిరాకపోవటానికి కారణం ఇదే.

అయితే ఈ సూచిక ఒక్కటే చాలదు. బట్టమేకపిట్ట చెట్లు లేని గడ్డిబీళ్ళలోనే బ్రతుకుతుంది. అంతస్తులు లేవని బీడును పనికిరాని నేలగా భావిస్తే ఆ జాతి నశిస్తుంది. దానిని జాతీయపక్షిగా ప్రకటించాలని సలీం అలీ కోరాడు. కానీ 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. నేడు బట్టమేకపిట్ట అంతరించే దశకు చేరింది.

రచనలు, పురస్కారాలు

భారతీయ పక్షులపై 1941లో వెలువడిన ఇతని పుస్తకం బహుళ ప్రచారం పొందింది. డిల్లన్ రిప్లేతో కలిసి పది సంపుటాల గ్రంథం రచించాడు. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ పొందాడు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యాడు. 1987లో బొంబాయిలో మరణించాడు.