ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్‌గారి చరిత్రము

పాఠశాల చదువు ముగియవచ్చిన ప్రతి విద్యార్థికిని ఒక చింత పుట్టును: ఇకముందు ఏ శాస్త్రమును ముఖ్యముగా చదువవలెను? ఔషధములు చేయు విద్యను నేర్వగోరువారికి ఈ చింత మరింత యెక్కువ. జీవశాస్త్రము మేలా, రసాయనశాస్త్రము మేలా, లేక మనస్సునకు ప్రియమైన వేరొక విద్యను చదివి పిదప ఇటు రావచ్చునా అని వారు తలపోయుచుందురు. మన దేశమున ఆధునిక రీతిని ఔషధములు చేయు పరిశ్రమకు పునాది వేసినవారిలో అగ్రగణ్యులగు ప్రఫుల్లచంద్ర రాయ్‌గారును చిన్ననాడు ఇట్టి సందిగ్ధమున పడినవారే. కావున వారి చరిత్రము మన బాలబాలికలు తెలిసికొనదగినది.

రాయ్‌గారు 1861వ సంవత్సరము ఆగష్టు 2వ తేదీన వంగదేశమున రారూళి గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేడు బంగ్లాదేశమునందలి ఖుల్నా జిల్లాలో నున్నది. తండ్రి హరీశచంద్ర రాయ్‌గారు భూస్వామి, విద్యాప్రియులు. వారి యింట మంచి గ్రంథముల సేకరణ యుండెను. కుమారుల చదువు నిమిత్తము వారు 1870లో కలకత్తాకు కాపురము మార్చిరి. బాలుడగు ప్రఫుల్లచంద్రుడు అచ్చట హేర్ పాఠశాలలో చేరెను. కాని 1874లో తీవ్రమైన రక్తవిరేచనముల వ్యాధి సోకి, బడి మానవలసివచ్చెను. ఆ వ్యాధి శరీరమును జన్మాంతము దుర్బలము గావించెను. అయినను ఇంటనున్న రెండేండ్లును వ్యర్థము కాలేదు. తండ్రిగారి పుస్తకములలో చరిత్రలు, కావ్యములు, మహాపురుషుల జీవితములు ఆ బాలుడు ఆసక్తితో చదివెను. లాటిను భాషకూడ మొదలుపెట్టెను. ఈ కాలముననే చరిత్ర సాహిత్యములపై గాఢమైన ప్రీతి ఏర్పడెను.

పిదప ఆల్బర్ట్ పాఠశాలలో చదువు ముగించి, 1879లో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు నెలకొల్పిన మెట్రోపాలిటన్ విద్యాలయమున చేరెను. అచ్చట జీతము స్వల్పము. ఆంగ్లసాహిత్యము బోధించువారు సురేంద్రనాథ బెనర్జీగారు. రసాయన భౌతికశాస్త్రముల పాఠములకు మాత్రము ప్రెసిడెన్సీ కళాశాలకు వెలుపలి విద్యార్థిగా పోవలసియుండెను. అచ్చట అలెగ్జాండర్ పెడ్లర్‌గారు తరగతిలో చేసి చూపిన ప్రయోగములు ఈ యువకుని మనస్సును హరించెను. చూచినది చాలక, సహాధ్యాయి బసలో చిన్న ప్రయోగశాల యొకటి ఏర్పరచుకొని, చూచినవానిని తానే చేసిచూడసాగెను. పలుచని తగరపురేకుతో చేసిన గొట్టము ఒకనాడు వాయువులు మండి భయంకరముగా పేలెను. దైవకృపచే ఎవరికిని దెబ్బ తగులలేదు.

బి. ఏ. పరీక్షకు రెండు మార్గము లుండెను: ఒకటి సాహిత్యప్రధానము, రెండవది విజ్ఞానశాస్త్రప్రధానము. ప్రీతి మొదటిదానిపై నున్నను ప్రఫుల్లచంద్రుడు రెండవదానినే కోరెను. సాహిత్యమును ఇంట కూర్చుండి చదువుకొనవచ్చును. రసాయనశాస్త్రమునకు గురువు, ప్రయోగశాల, చేతిపని కావలెను. దేశము ముందుకు సాగుటకు విజ్ఞానశాస్త్రము అవసరమని కూడ ఆయన నమ్మెను.

అంతలో తండ్రిగారి ఆస్తి అప్పులచే క్షీణించుచుండెను. కుమారుని విదేశమునకు పంపు శక్తి వారికి లేదు. గిల్‌క్రిస్టు విద్యార్థివేతనమే మిగిలిన యాశ. దాని పరీక్షకు లాటిను, సంస్కృతము, ఫ్రెంచి మొదలగు పలుభాషలు రావలెను. వ్యాధినాళ్ళలో మొదలుపెట్టిన లాటిను ఇచ్చట అక్కరకు వచ్చెను. ఆయన ఎవరికిని చెప్పక రహస్యముగా చదివి, 1882లో ఆ వేతనమును సంపాదించెను. ఆ సంవత్సరము దేశము మొత్తముమీద దానిని పొందినవారు ఇద్దరే.

ఎడింబరో విశ్వవిద్యాలయమున అలెగ్జాండర్ క్రమ్ బ్రౌన్ ఆచార్యుల యొద్ద రాయ్‌గారు రసాయనశాస్త్రము నేర్చిరి. అచ్చటను పాత సందిగ్ధము మరల తలయెత్తెను. 1885లో భారతదేశ స్థితినిగూర్చి వ్యాసమునకు విశ్వవిద్యాలయము బహుమానము ప్రకటింపగా, వారు ప్రయోగశాలను కొంతకాలము ప్రక్కనుంచి చరిత్రగ్రంథములలో మునిగిపోయిరి. బహుమానము రాలేదు గాని వ్యాసము ప్రశంస నందెను. ఆ పని ముగిసినంతనే రాయ్‌గారు మరల గాజుపాత్రల యొద్దకే వచ్చిరి. 1885లో బి. ఎస్సీ., 1887లో డి. ఎస్సీ. పట్టములు పొంది, 1888లో స్వదేశమునకు మరలిరి.

ఇంత చదివినను వారికి ఇంచుమించు ఒక యేడు ఉద్యోగము దొరకలేదు. విద్యాశాఖలో ఉన్నతోద్యోగములు ఆ దినములలో ఆంగ్లేయులకే దాదాపుగా దక్కుచుండెను. తుదకు 1889లో నెలకు 250 రూపాయల జీతముపై ప్రెసిడెన్సీ కళాశాలలో సహాయాచార్య పదవి లభించెను.

అచ్చట పాఠములు చెప్పుచు వారు ఒక విషయమును కనిపెట్టిరి. పట్టము పొందిన యువకులు గుమాస్తా పనులకై కచేరీల చుట్టు తిరుగుచుండిరి. మన అంగళ్ళలో అమ్ము మందులో, సీసాలు సీసాలుగా విదేశముల నుండి వచ్చుచుండెను. రసాయనశాస్త్రము తెలిసినవారు ఆ మందులను ఇచ్చటనే చేయరాదా యని వారు తలచిరి. బ్రిటిషు ఫార్మకోపియాను ముందుంచుకొని, అందలి ద్రవ్యములలో మన దేశపు ముడిసరుకుతో వేనిని చేయవచ్చునో పరిశీలింపసాగిరి.

మొదట నిమ్మపండ్లనుండి సిట్రిక్ ఆమ్లము తీసిచూచిరి, ఖర్చు గిట్టలేదు. పిమ్మట పశువుల యెముకలనుండి సోడా ఫాస్ఫేటు చేయ నిశ్చయించిరి. ఎముకలను కాల్చి, ఆ బూడిదను గంధకామ్లముతో కలిపి, వచ్చిన ద్రవమునకు సోడా చేర్చినచో ఆ లవణము లభించును. ఇందుకై కసాయి అంగళ్ళనుండి ఎముకలు తెప్పించి బస మేడపై ఎండబోసిరి. అకాలవర్షము కురిసి అవి క్రుళ్ళి దుర్గంధము వ్యాపించెను. ఇరుగుపొరుగువారు కోపించిరి. ఎముకలను ఊరి వెలుపలికి తరలించి కాల్పింపగా, రాత్రివేళ మంట చూచి, ఎవరినో చంపి తగులబెట్టుచున్నారని పోలీసులు పరుగెత్తివచ్చిరి!

1892లో సుమారు 700 రూపాయల మూలధనముతో బెంగాల్ కెమికల్ అను చిన్న ఔషధశాల వారి అద్దెయింటనే వెలసెను. పగలెల్ల కళాశాలలో బోధన, సాయంకాలము మొదలు మందుల తయారు. మందులు చేయుట కంటె అమ్ముట కష్టమయ్యెను. స్వదేశపు మందనిన అంగడివారు పెదవి విరిచెడివారు. అప్పుడు వైద్యుడగు అమూల్యచరణ బోసుగారు తోడై, ఆ మందులను తాము వాడి, తోడి వైద్యులచే వాడించిరి. వాము అర్కు, అడ్డసరపు పానకము, నేలవేము, కొడిసెపాల సారములు మున్నగు దేశీయౌషధములు ఆధునిక రీతిని సీసాల కెక్కెను.

అంతలో గొప్ప యాపదలు కలిగెను. రసాయనశాస్త్రము చదివి ఈ పనిలో చేరిన సతీశచంద్ర సింహ అను యువకుడు ప్రయోగశాలలో ప్రూసిక్ ఆమ్లముచే ప్రమాదవశమున మరణించెను. 1898లో బోసుగారును ప్లేగువ్యాధిచే పరమపదించిరి. భారమంతయు రాయ్‌గారిపై పడెను. అప్పుడు వారు పని విడిచినచో నిందించువారు లేరు. అయినను విడువలేదు. 1901లో అది బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మస్యూటికల్ వర్క్స్ అను పేర పరిమిత సంఘమయ్యెను. మాణిక్‌తలాలో దాని కర్మాగారము పెరిగెను. నేడును అది ప్రభుత్వ సంస్థగా నడచుచున్నది.

ఔషధశాల పనిలో నుండియే వారు 1896లో మెర్క్యురస్ నైట్రైటు అను పాదరస సమ్మేళనమును ప్రకటించి ఖ్యాతి గాంచిరి. 1902లో హిందూ రసాయనశాస్త్ర చరిత్రము మొదటి సంపుటమును వెలువరించిరి. ప్రాచీన సంస్కృత గ్రంథములను వెదకి వ్రాసిన పుస్తకమది. చిన్ననాడు ప్రక్కనుంచిన చరిత్రాభిరుచియు, పరీక్షకై నేర్చిన సంస్కృతమును ఇచ్చట ఏకమయ్యెను.

1916లో రాయ్‌గారు కలకత్తా విశ్వవిద్యాలయపు విజ్ఞాన కళాశాలలో ఆచార్యులైరి. అరువదవ యేడు నిండిన 1921 నుండి తమ జీతమును విశ్వవిద్యాలయమునకే విడిచిరి. 1922లో ఉత్తర వంగదేశమును వరదలు ముంచినప్పుడు సహాయకార్యమునకు నాయకులైరి. వివాహమాడక, కళాశాలలోని ఒక గదిలో నిరాడంబరముగా జీవించి, 1944 జూన్ 16వ తేదీన అచ్చటనే కన్నుమూసిరి.

నేడు ఫార్మసీ విద్యకు మార్గములు పెక్కు కలవు. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున 1932లో ఈ శాస్త్రబోధన ఆరంభమయ్యెను. మన ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1951లో మొదలయ్యెను. మన రాష్ట్రములలో ఇంటర్మీడియేటున గణితము చదివినవారును, జీవశాస్త్రము చదివినవారును బి. ఫార్మసీలో చేరవచ్చును. ఈ రెండు శాఖలకును రసాయనశాస్త్రము సామాన్యము. అమెరికా దేశమున సాధారణముగా ఫార్మసీ విద్యకు ముందు కొన్నేండ్లు కళాశాలలో చదువవలెను. అచ్చట ముఖ్యవిషయమును విద్యార్థి తన యిచ్ఛానుసారము కోరుకొనవచ్చును గాని, రసాయన జీవశాస్త్రములలో నిర్ణీత పాఠములు తప్పక చదివియుండవలెను.

కావున విద్యార్థులారా, తలిదండ్రులారా, ఏ శాఖ పేరు గొప్పదని కాక, ఏ శాస్త్రమును గురువు చెంత, ప్రయోగశాలలో చేతితో నేర్వవలసియున్నదో దానిని ముందుగా కోరుకొనుడు. తక్కిన ప్రియవిద్యలను ఇంటియొద్ద చదువుచుండుడు. దేవుడు మనకిచ్చిన తలాంతులలో దేనిని భూమిలో పాతిపెట్టనక్కరలేదు. రాయ్‌గారు ఒకదానిని ముందుగా పనిలో పెట్టి, రెండవదానిని కాలము వచ్చువరకు కాపాడుకొనిరి.