లింకర్ పని మెషీన్‌కి నేర్పిన గ్రేస్ హాపర్

గ్రేస్ హాపర్ అనగానే 1947లో మార్క్ 2 రిలేలో దొరికిన రెక్కల పురుగు కథే చెబుతారు. దాన్ని పట్టింది ఆవిడ కాదు కూడా! నాకు మాత్రం ఆవిడ చేసిన ఏ-0 గొప్పగా అనిపిస్తుంది.

1906లో న్యూయార్క్‌లో పుట్టి, 1934లో యేల్‌లో గణితంలో డాక్టరేట్ తీసుకుని, యుద్ధకాలంలో నేవీలో చేరి 1944లో హార్వర్డ్ మార్క్ 1 దగ్గరికి వచ్చారు. అప్పట్లో సైన్ లాంటి లెక్కల ముక్కల్ని నోటుపుస్తకాల్లోంచి చూసి ఎత్తి రాసుకునేవారు. తర్వాతి మెషీన్లలో ఆ ముక్క ఎక్కడ పెడితే అక్కడికి తగ్గట్టు ప్రతి చిరునామానీ చేత్తో కూడి మార్చాలి. ఒక్క అంకె తప్పితే గోవిందా!

1952లో యూనివాక్ మీద ఏ-0 ఆ పని తనే చేసింది. టేపు మీది ముక్కల్ని నంబరు చూసి ఏరి, ఒక్కోదానికీ చోటిచ్చి, చిరునామాలు సరిచేసేది. మా ఖోర్ ఫక్కాన్ పోర్టులో నంబరు చూసి కంటైనర్‌ని దాని చోట దించినట్టు. ఆవిడ కంపైలర్ అన్నారు గానీ, అది చేసింది చాలావరకు ఇప్పటి లింకర్ పనే.

ఈ రోజు అసెంబ్లీలో అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అని ఎర్రర్ వస్తే, పిలిచిన పేరు లింకర్‌కి దొరకలేదన్నమాట. కోడంతా తిరగరాయక్కర్లేదు. స్పెల్లింగ్ చూడండి. నాజమ్‌లో అయితే ఆ పేరున్న ఫైల్లో గ్లోబల్, పిలిచే ఫైల్లో ఎక్స్‌టర్న్ ఉండాలి. రెండు ఆబ్జెక్ట్ ఫైళ్లూ లింకర్‌కి ఇవ్వాలి.

హాపర్ 79 ఏళ్ల వయసులో, 1986లో రియర్ అడ్మిరల్‌గా రిటైరయ్యారు. 1992 జనవరి 1న కన్నుమూశారు.