పాలకుర్తి ఐలమ్మ చేను

తెనాలి, రేపల్లె, బాపట్ల దిక్కున ఏ ఊరి చేలోకి వెళ్లి చూసినా నాట్లు వేసేది ఆడవాళ్లే. కలుపు తీసేది, మినుము పీకేది కూడా చాలావరకు వాళ్లే. కానీ ఆ చేను రైతు ఎవరని అడిగితే మొగవాడి పేరే చెబుతారు. ఎకరాకు ఇన్ని బస్తాలని నోటిమాటగా కౌలు కుదుర్చుకుని, మొగుడుపోయిన ఆడమనిషి ఒంటరిగా సేద్యం చేస్తున్నా ఆమెను కూలీ అంటారే గాని రైతు అనరు. 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టం భూయజమాని సంతకంతో ఒప్పందం ఉంటేనే కార్డు అంది. మొగ కౌలుదార్లకే దొరకని సంతకం ఈమెకు ఎవరు పెడతారు?

ఆడవాళ్లు వ్యవసాయం గురించి మాట్లాడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని మమ్మల్ని అడుగుతుంటారు. అందుకే ఈ వారం చాకలి ఐలమ్మ బతుకు చెప్పుకుందాం. ఆమెది మన కాలవ కింద ఊరు కాదు, నైజాం ఇలాకా. అయినా ఆమె కథలో ఉన్నది కౌలే, కోతే, కుప్పే. అవి మనకు కొత్తవి కావు.

ఐలమ్మ 1895లో వరంగల్లు జిల్లా కృష్ణాపురంలో పుట్టింది. పాలకుర్తికి చెందిన చిట్యాల నరసింహకు ఇచ్చి పెళ్లిచేశారు. కులవృత్తి బట్టలుతకడం. ఆ రోజుల్లో అది ఉత్త వృత్తి కాదు, వెట్టి. దొరల ఇళ్లకు, అధికారుల మకాములకు కూలి లేకుండా చాకిరీ చెయ్యాలి. ఆ ప్రాంతమంతా విసునూరు దేశముఖ్ రామచంద్రారెడ్డి చెప్పుచేతల్లో ఉండేది. 60 గ్రామాలు, 40 వేల ఎకరాలు అతనివి.

ఐలమ్మ చేసిన మొదటి తప్పు, దొరల లెక్కలో, భూమి కౌలుకు తీసుకోవడం. మల్లంపల్లి మక్తేదారుకు పాలకుర్తిలో 40 ఎకరాలు ఉంటే తీసుకుని, అందులో నాలుగెకరాలు సాగులోకి తెచ్చింది. రేవులో ఉండవలసిన మనిషి పొలం గట్టు మీద నిలబడింది. తన పొలానికొచ్చి వెట్టి చెయ్యమని పట్వారీ కబురుపెడితే పోలేదు. పైగా ఆంధ్ర మహాసభలో చేరింది. పల్లెల్లో దాన్ని సంఘం అనేవారు. ఆమె ఇల్లే సంఘం వాళ్లకు కూడలి అయింది.

ఇక కేసులు మొదలయ్యాయి. దేశముఖ్ మనిషిని చంపబోయారని ఆమె మొగుడి మీద, కొడుకుల మీద, సంఘం నాయకుల మీద దొంగకేసు బనాయించారు. అది చాలక, మక్తేదారును లోబరుచుకుని ఆ పొలాన్ని తనకే కౌలుకిచ్చినట్టు దేశముఖ్ కాగితం పుట్టించాడు. ఐలమ్మ అక్కడ బెదిరిపోలేదు. కోర్టుకెక్కింది. తీర్పు ఆమె వైపే వచ్చింది. కాగితం దొరది, పంట ఐలమ్మది. దున్నిన మనిషి ఎవరో ఊరందరికీ తెలుసు గనుక ఆ కాగితం నిలవలేదు. నోటిమాట కౌలు మీద బతికే మన వాళ్లు ఈ సంగతి రెండోసారి చదువుకోవాలి.

కోర్టులో ఓడిన దొర కొడవళ్లను నమ్ముకున్నాడు. పంట కోతకొచ్చిన వేళ ఐలమ్మ చేను మీదికి వందమంది గూండాలను, వందమంది కూలీ ఆడవాళ్లను తోలాడు. ఇక్కడ మేము కాస్త ఆగుతాం. ఆ వందమంది ఆడవాళ్లు ఎవరు? వాళ్లూ ఐలమ్మలాంటి వాళ్లే, రాకపోతే వీపు చిట్లుతుందని వచ్చిన వాళ్లు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవడానికి లేదు. సంఘం ఉన్న ఊరికీ లేని ఊరికీ తేడా అక్కడే. ఒకచోట కొడవలి ఆడకూలీ చేతిలో ఉన్నా దాన్ని తిప్పేది దొర.

సంఘం వాళ్లు పట్టుమని ముప్ఫైమంది లేరు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆరుట్ల రామచంద్రారెడ్డి, చకిలం యాదగిరి వంటి వాళ్లు కర్రలు పట్టుకుని చేలోకి దిగారు. గూండాలు పారిపోయారు. కార్యకర్తలే వరి కోసి, మోపులు కట్టి, నూర్చి, వడ్లు మోసుకెళ్లి ఐలమ్మ ఇంట్లో పోశారు. దేశముఖ్ గింజ ముట్టుకోలేకపోయాడు. ఆ కసి నాయకుల మీద తీర్చుకున్నారు. అరెస్టులు చేసి చిత్రహింసలు పెట్టారు. తరువాత ఐలమ్మ ఇల్లు తగలబెట్టి ధాన్యం ఎత్తుకుపోయారు. ఆమె కుటుంబం మీద జరిగిన దారుణాలన్నీ ఇక్కడ రాయలేం. ఆమె మాత్రం ఊరు విడిచిపోలేదు, కౌలు వదిలిపెట్టలేదు.

పాలకుర్తిలో వడ్లు ఇల్లు చేరాయన్న కబురు జనగామ తాలూకా అంతా పాకింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దొర గూండాలు కాల్చి చంపేనాటికి జనం వెనక్కు తగ్గే దశ దాటిపోయారు. 1951లో సాయుధ పోరాటం విరమించేలోగా మూడువేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పేదలకు పంచారు. మన కోస్తా జిల్లాల్లో ఆ కబురు నాటకంగా వచ్చింది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి'ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

ఐలమ్మ పెద్ద చదువులు చదవలేదు, పదవులు చెయ్యలేదు. తన చేను గురించి తానే మాట్లాడింది, ముందు పట్వారీతో, తరువాత కోర్టులో, ఆ తరువాత సంఘంలో. ముసలితనంలో స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లి అడిగితే వాళ్లకూ చెప్పింది. ఆ మాటలు 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకంలో 1986లో అచ్చయ్యాయి. ఆమె చూడలేదు. అంతకు ముందు ఏడాది, 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెడుతున్నట్టు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. ఆ కోఠీ భవనం ఒకప్పుడు నైజాం దర్బారులోని బ్రిటిషు రెసిడెంటు ఉండిన బంగళా.